పిల్లికి మందు పట్టించడం

బుక్కరాయసముద్రం అనగానే తెలుగు చదువుకొన్నవారికి ముసలమ్మ జ్ఞప్తికి వస్తుంది. తెగిపోనున్న చెరువుకట్టను నిలపడానికి గండిలోనికి నడచిపోయిన ఆ ఇల్లాలి కథను కట్టమంచి రామలింగారెడ్డిగారు 'ముసలమ్మ మరణము' అనే కావ్యంగా వ్రాసినారు. 14వ శతాబ్దంలో బుక్కరాయల మంత్రి చిక్క ఒడయరు కట్టించినాడని చెప్పే ఆ చెరువు ఇప్పటికీ ఉన్నది. కట్టకు ఈ కొసన మా ఊరు, ఆ కొసన అనంతపురం. అటువంటి ఊరినుండి వచ్చి, పిల్లికి మందు పట్టించడాన్ని గురించి ప్రసంగించబోతున్నాను. ఇదేమి విషయమని శ్రోతలు నవ్వవచ్చు. నవ్వినవారిలో ఇంట పిల్లి ఉన్నవారెవరో, లేనివారెవరో నేను ఇక్కడినుండే చెప్పగలను. ముంజేతిమీద నాలుగు గాట్లు ఉన్నవారికి నవ్వు రాదు.

మా ప్రాంతం వానకు ముఖం వాచిన మెట్ట. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురుస్తుందంటారు. అదైనా అదనుకు కురుస్తుందన్న నమ్మకం లేదు. ఆ వానను నమ్ముకొని వేసే పంట వేరుశనగ. మా వాడుకలో బుడ్డలు. పండిన ఏడు నాలుగు మూటలు ఇల్లు చేరుతవి. మూటల వెనుకనే ఎలుకలు చేరుతవి. విత్తనానికి దాచిన మూట ఎలుకల పాలయినదంటే మరుసటి ఏడు అప్పుచేసి విత్తనం కొనవలసిందే. అందుచేత మా ఇండ్లలో పిల్లికి ఒక ఉద్యోగం ఉన్నది. జీతం లేదు, పొయ్యి పక్కన చోటు, పూటకు ఇంత అన్నం, కొన్ని పాలు. నేను ముప్పది ఏండ్లు బడిపిల్లలకు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకొన్నవాణ్ణి. ఆ ముప్పది ఏండ్లలో ఎంతటి మొండి పిల్లవాడినైనా ఒక దారికి తెచ్చినాననే గర్వం నాకు ఉండేది. ఆ గర్వాన్ని గౌరి తీసివేసినది.

గౌరి అంటే మా ఇంట పన్నెండేండ్ల కిందట ఉండిన మూడురంగుల ఆడపిల్లి. ఒక వేసవిలో అది మూడు కూనలను పెట్టినది. పెట్టిన నాలుగో నాడు కూనల దగ్గర ఒత్తిగిలి పడుకొన్నది గాని పాలు ముట్టలేదు. మా అమ్మ దాని చెవులు తాకి చూసి, "ఒళ్లు కాలిపోతావుంది నాయనా. పిల్లల తల్లి. ఏదైనా మందు వెయ్యరాదా?" అన్నది. ఊరిలో పశువుల వైద్యుడు ఆనాడు లేడు. ఇంట్లో మనుష్యులు జ్వరానికి వేసుకొనే మాత్రలు ఉన్నవి. పసిపిల్లలకు సైతం ఇచ్చే మందే గదా, పిల్లికి సగం మాత్ర చాలునని లెక్క కట్టినాను. లెక్కల అయ్యవారిని!

ఆ సగం మాత్రను పొడిచేసి పాలలో కలిపి, చేదు తెలియకుండా ఇంత బెల్లం చేర్చి దాని ముందు పెట్టినాము. గౌరి వాసన చూసి ముఖం తిప్పుకొన్నది. రెండోసారి పెట్టినాము, ముందరి కాలితో గిన్నెను నెట్టివేసినది. అప్పుడు నాకు పట్టుదల కలిగినది. గోనెసంచిలో చుట్టి, నేను పట్టుకొనగా, మా ఇంటావిడ దవడ తెరచి, మాత్రను నీళ్లలో కలిపి చెంచాతో పోసినది. సగం మా బట్టలమీద పడినా సగం లోనికి పోయినది. మిగిలిన సగం మాత్రను కూడా సాయంత్రం అదే విధంగా పట్టించినాము. చేతుల నిండా గీతలు. అయినా మేము ఇద్దరమూ ఒక ఘనకార్యం చేసినవారివలె ఒకరి ముఖం ఒకరు చూసుకొని నవ్వుకొన్నాము.

రాత్రి పది గంటలకు గౌరి ముఖం ఉబ్బినది. ఊపిరి త్వరత్వరగా తీసుకొంటున్నది. దీపం దగ్గరగా పెట్టి చూస్తే ఎర్రగా ఉండవలసిన చిగుళ్లు మట్టిరంగుకు తిరిగినవి. తెల్లవారకముందే పోయినది. కూనలకు దూదివత్తితో మేకపాలు పట్టించినాము. మూడింటిలో ఒకటి బ్రతికినది.

జ్వరం ముదిరి పోయినదని ఇంట్లో అందరమూ అనుకొన్నాము. ఆ మాట చాలాకాలం నమ్మినాను కూడా. కొన్ని ఏండ్ల తరువాత ఒక పశువైద్యునితో మాటలలో ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన కొంచెంసేపు ఊరకుండి, "సార్, జ్వరం చంపలేదు. మాత్ర చంపినది" అన్నాడు.

అప్పటినుండి దొరికినదంతా చదివినాను. అందుకే ఈ ప్రసంగంలో మందు ఎట్లా పట్టించవలెనో చెప్పేముందు ఏ మందు పట్టించకూడదో చెప్పక తప్పదు. మనం జ్వరానికి వేసుకొనే పారాసెటమాల్‌ను మన కాలేయం ఒక విధమైన ఆమ్లంతో జతచేసి, మూత్రంలో బయటికి పంపివేస్తుంది. ఆ జతచేసే పనికి ఒక ఎంజైము కావలె. పిల్లి శరీరంలో ఆ ఎంజైమును తయారుచేయవలసిన జన్యువు చెడిపోయి, పనిచేయకుండా పడి ఉన్నదని 2000వ సంవత్సరంలో అమెరికాలోని మైకేల్ కోర్ట్, డేవిడ్ గ్రీన్‌బ్లాట్ అనే శాస్త్రజ్ఞులు చూపినారు. వేలాది తరాలుగా మాంసమే తిని బ్రతికిన జాతికి, ఆకులలోనూ కాయలలోనూ ఉండే విషాలను విరిచే ఆ పనిముట్టు అవసరం లేకపోయినదని శాస్త్రజ్ఞుల ఊహ. పెద్దపులికీ ఇదే లోపం. బయటికి పోలేని మందు శరీరంలో విషంగా మారి రక్తాన్ని చెడగొడుతుంది. రక్తం ఊపిరిని మోయలేని స్థితికి వచ్చి, గోధుమరంగుకు తిరుగుతుంది. గౌరి చిగుళ్లలో నేను దీపం పెట్టి చూసిన రంగు అదే. 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం తీయడానికి. సగం కూడా తీయవచ్చు. పొరపాటున లోనికి పోయినదని తెలిస్తే క్షణం ఆలస్యం చేయక వైద్యుని దగ్గరకు పరుగెత్తవలె. ఎసిటైల్ సిస్టీన్ అనే విరుగుడు ఉన్నది. కాని అది మొదటి గంటలలో పడితేనే బాగుగా పనిచేస్తుంది.

ఆస్పిరిన్ మాట కూడా ఇంచుమించు ఇదే. మన ఒంట్లో కొన్ని గంటలలో తగ్గిపోయే ఆ మందు పిల్లి ఒంట్లో సగం తగ్గడానికే సుమారు ఒకటిన్నర రోజు పడుతుంది. కుక్కలకు పిడుదులు పోవడానికి మెడమీద వేసే కొన్ని చుక్కలమందులలో పెర్మెత్రిన్ ఉంటుంది. అది పిల్లికి ప్రాణాంతకం. పుండు మీద ఫినాయిల్ పూయడం పల్లెలలో ఉన్నదే. పిల్లి తన ఒంటిమీద పడిన దేనినైనా నాకి శుభ్రం చేసుకొంటుంది గనుక, చర్మానికి పూసినదంతా కడుపుకు పట్టించినట్లే. మనిషి మందు, కుక్క మందు, గొడ్డు మందు — ఏదీ వైద్యుని అడగనిదే పిల్లికి వద్దు. గౌరి గిన్నెను కాలితో నెట్టినప్పుడు మా ఇంట్లో వివేకం ఉన్నది దానికొక్కదానికే.

బెల్లం సంగతి చెప్పినాను గదా. దానిని తలచుకొంటే ఈనాటికీ నాకు సిగ్గు. పిల్లలకు చేదుమందు బెల్లంలోనో తేనెలోనో పెట్టి మింగించడం మన ఇండ్లలో తరతరాల ఉపాయం. పిల్లికి తీపి తెలియదు. ఇష్టం లేదని కాదు. నాలుకమీద తీపిని పట్టే గ్రాహకం తయారు కావడానికి కావలసిన జన్యువులలో ఒకటి దానికి పనిచేయదు. 2005లో అమెరికాలో ఫిలడెల్ఫియాలోని మోనెల్ పరిశోధన కేంద్రంవారు దీనిని కనుగొన్నారు. ఇంటి పిల్లిలోను, పెద్దపులిలోను, చీతాలోను ఇదే కనిపించినది. చేదును మాత్రం చక్కగా గుర్తించగలదు. అంటే, మేము ఆనాడు గౌరికి పెట్టినది తీపి ఏమీ లేని చేదు పాలు. బెల్లం ఖర్చు దండుగ.

ఇక ఈ ఏటి సంగతికి వస్తాను. గౌరి కూనలలో బ్రతికినదాని సంతతిలో ఒక పోతుపిల్లి మా ఇంట ఉన్నది. పేరు రంగడు. ఒక రాత్రి చెరువుకట్ట వైపున ఏదో పిల్లితో తగవులాడి వచ్చినాడు. పైకి గాయం కనబడలేదు. మూడో నాటికి తోక మొదట నిమ్మకాయంత గడ్డ లేచినది. పిల్లి కోరలు సూదులవంటివి. లోతుగా దిగుతవి, పైన చిన్న రంధ్రం చేస్తవి. ఆ రంధ్రం ఒక రోజులో మూసుకొంటుంది. లోపల చేరిన క్రిములు మూడు నాలుగు రోజులలో చీము కడతవి. అనంతపురం తీసుకొనిపోతే వైద్యుడు గడ్డను కోసి చీము తీసి, రంగని తూకం చూసి మందు వ్రాసినాడు. రోజుకు రెండు పూటలు, ఏడు రోజులు. అంటే పదునాలుగు మాత్రలు. "మధ్యలో గడ్డ మానినట్లు కనిపించినా ఆపకూడదు సార్. సగంలో ఆపితే మిగిలిన క్రిములు మళ్లీ లేస్తవి" అన్నాడు. గౌరి సంగతి ఆయనకు తెలియదు. పదునాలుగు అనే అంక విన్నప్పుడు నా గుండె జల్లుమన్నది.

ఇంటికి వచ్చిన సాయంత్రం మొదటి మాత్ర. రంగడు మాత్రను చూడలేదు. నా నడక చూసినాడు. పిల్లిని పట్టుకోవడానికి పోయే మనిషి నడక వేరుగా ఉంటుందట. అటకమీదికి ఎక్కినాడు. నిచ్చెన వేసి నేను ఎక్కినాను. ఆ తరువాత జరిగినది వర్ణించను. మాత్ర నాలుగుసార్లు లోనికి పోయి నాలుగుసార్లూ బయటికి వచ్చినది. చివరిసారి నోటినిండా నురుగుతో వచ్చినది. ఆ నురుగును చూసి మా ఇంటావిడ, "అయ్యో, దీనికి కూడా విషమైపోయింది" అని ఏడ్చినంత పని చేసినది. వైద్యునికి ఫోను చేస్తే, చేదు నాలుకకు తగిలితే పిల్లి అట్లా నురుగు కార్చడం మామూలేననీ, కొంతసేపటికి తగ్గుతుందనీ చెప్పినాడు. తగ్గినది.

మరునాడు పక్కింటి పెద్దాయన వచ్చినాడు. ఆయన చేతిలో ఎద్దులకు మందుపోసే వెదురుగొట్టం. "ఏం అయ్యవారూ, అంతంత ఎద్దులకే పోస్తిమి, ఈ పిల్లికి పొయ్యలేమా? తల ఎత్తి పట్టండి, నేను పోస్తా" అన్నాడు. ఆయన మంచికే అన్నాడు. కాని తల వెనుకకు వంచి నీటిమందు ధారగా పోస్తే అది అన్నవాహికలోనికి పోక శ్వాసనాళంలోనికి పోవచ్చు. ఎద్దులలోనే తల మరీ ఎత్తి పోసినప్పుడు ఊపిరితిత్తులు చెడి చచ్చినవి ఉన్నవి. మూడున్నర కిలోల పిల్లి మాట చెప్పవలెనా? నీటిమందయితే సూది తీసిన సిరంజితో, తల ఉన్నది ఉన్నట్లుగానే ఉంచి, బుగ్గకూ పళ్లకూ నడుమ పక్కనుంచి కొంచెంకొంచెంగా వదలవలె. మింగిన తరువాత మరికొంచెం. దగ్గితే ఆపివేయవలె.

గొట్టం పని చేయకపోయినా, ఆ పెద్దాయన వెళ్లేముందు చెప్పిన ఒక మాట పనిచేసినది. ఎలుకలకు విషపు ఎర పెట్టడంలో ఆయన ఘటికుడు. జింక్ ఫాస్ఫైడ్ కలిపిన నూకలు పొలంలో పెట్టేముందు, రెండు మూడు రోజులు ఏమీ కలపని నూకలు పెడతారని రైతులందరికీ తెలుసు. అనుమానం తీరి ఎలుక తినడానికి అలవాటు పడిన తరువాతనే మందు నూకలు. మొదటిరోజే మందు పెడితే, కొంచెం కొరికి జబ్బుపడి బ్రతికిన ఎలుక ఇక జన్మలో ఆ ఎర ముట్టదు. "పిల్లి ఎలుకకన్నా తెలివితక్కువదా అయ్యవారూ?" అన్నాడాయన.

ఈ రైతు ఎరుగని ఒక అమెరికా శాస్త్రజ్ఞుడు, జాన్ గార్షియా అనే ఆయన, 1955లో తన సహచరులతో కలిసి సరిగా ఇదే విషయాన్ని ప్రయోగశాలలో చూపినాడు. ఎలుకలు తీపినీళ్లు త్రాగుతున్న సమయంలో వాటిపై జబ్బు కలిగించే కిరణాలు ప్రసరింపజేసినాడు. జబ్బుకు కారణం నీళ్లు కాకపోయినా, ఆ ఎలుకలు తరువాత ఆ తీపినీళ్లను తప్పించుకొన్నవి. ఆకలిగొన్న జీవి తిన్నదానినీ, దాని తరువాత తనకు కలిగిన బాధనూ ముడివేసుకొని జ్ఞాపకం ఉంచుకొంటుంది.

మన రాయలసీమవారికి దీనికి ఇంకా పాత సాక్ష్యం ఉన్నది. తెనాలి రామలింగని పిల్లి కథ వినని బిడ్డ మా వైపు లేదు. ఎలుకల బాధ పోవడానికి కృష్ణదేవరాయలు ఇంటింటికీ ఒక పిల్లినీ, దాని పాలకోసం ఒక ఆవునూ ఇచ్చినాడట. రామలింగడు పిల్లికి మొదటినాడే సలసల కాగే పాలు పెట్టినాడు. మూతి కాలిన పిల్లి ఆనాటినుండి పాలగిన్నె కనబడితే పారిపోయేది. ఆవుపాలన్నీ రామలింగడు త్రాగినాడు. చిన్ననాడు ఈ కథను రామలింగని చమత్కారమని విన్నాను. ఇప్పుడు చూస్తే ఇందులో చమత్కారం ఎంతో, పిల్లి స్వభావం కూడా అంతే ఉన్నది. పాలలో మందు కలపడమంటే ప్రతి ఇంటిలోనూ రామలింగని పిల్లిని తయారుచేయడమే. పిల్లి ఒకసారి పసిగట్టినదంటే మందు పోనేపోయె, రోజూ త్రాగే పాలు కూడా పోతవి. జబ్బుపడిన పిల్లి తిండి మానివేయడం చిన్న విషయం కాదు. రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే, ముఖ్యంగా లావుపాటి పిల్లికి, కాలేయంలో కొవ్వు చేరి ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి ఆకలి పుడితే అదే తింటుందిలే అని మందు కలిపిన గిన్నెను పెట్టి పస్తుంచడం మహా తప్పు. పైగా కొన్ని మందులు, ఉదాహరణకు టెట్రాసైక్లిన్ జాతివి, పాలలోని సున్నంతో కలిసి సరిగా పనిచేయవు.

రైతు ఉపాయాన్ని ఇంటికి తగినట్లు మార్చుకొన్నాము. రోజూ తినని వస్తువు ఒకటి ఎన్నుకోవలె. మాంసం తినే ఇండ్లలో చేపముక్క, వేటకొవ్వు ఉన్నవి. మాది శాకాహారపు ఇల్లు గనుక వెన్నకు దిగినాము. తీపి తెలియకపోయినా కొవ్వు రుచి పిల్లికి బాగా గిట్టుతుంది. ఉద్దిగింజంత వెన్నముద్దలు మూడు. మొదటిది ఉత్త వెన్న. రెండోదానిలో మాత్ర ముక్క. రెండోదాన్ని నోట పెట్టుకొంటుండగానే మూడోది ముక్కు ముందర చూపవలె. మూడోదానికోసం రెండోదాన్ని నమలకుండా మింగుతుంది. మాత్రను పొడిచేయకూడదు, పొడిచేస్తే చేదంతా వెన్నలో కలుస్తుంది. కొన్ని మాత్రలను అసలు విరవనే కూడదు, వైద్యుని అడుగవలె. ఈ ఉపాయంతో రంగడు వరుసగా ఐదు పూటలు మాత్ర మింగినాడు. ఆరోపూట వెన్నంతా నాకి, మాత్రను శుభ్రంగా కడిగినట్లు నేలమీద పెట్టి, నావైపు చూసినాడు.

అప్పుడిక చేతితో పట్టించక తప్పలేదు. ఈసారి గోనెసంచి తీయలేదు. వైద్యుడు తానే చేసి చూపినాడు. చూసినదానిని చూసినట్లు చెబుతాను.

పిల్లిని పేరుపెట్టి, ముద్దుగా పిలిచి పట్టుకోకూడదు. అట్లా చేస్తే రేపు అన్నానికి పిలిచినా రాదు. అది ఉన్నచోటికే మనం నెమ్మదిగా పోవలె. అన్నం తినే చోటా, పడుకొనే చోటా ఈ పని పెట్టుకోకూడదు. మేము పంచలోని రాతి అరుగును ఎంచుకొన్నాము. వేళ ఒకటే ఉండవలె, అన్నానికి కొంచెం ముందర. మాత్ర, నీళ్లు, వెన్న అన్నీ చేతికందేటట్లు పెట్టుకొన్న తరువాతనే పిల్లి దగ్గరికి పోవలె. పిల్లిని పట్టుకొని, "మాత్ర ఎక్కడ పెట్టినావే?" అని కేకవేసే ఇంట్లో మందు పడదు. ఇది స్వానుభవం.

పాత దుప్పటినో, మెత్తని పాత పంచెనో పరచి, పిల్లిని దానిమీద కూర్చోబెట్టి, మెడచుట్టూ ముందుకు తెచ్చి, నాలుగు కాళ్లూ లోపల ఉండేటట్లు, పసిబిడ్డను పొత్తిళ్లలో చుట్టినట్లు చుట్టవలె. ఊపిరాడేటంత వదులు, కాలు బయటికి రానంత బిగువు. మెడ తోలు పట్టి వ్రేలాడదీయడం పూర్వపు పద్ధతి. పెద్ద పిల్లికి దానివల్ల బాధ, భయం. వెనుకనుంచి ఒకరు ఒడిలో పట్టుకొంటారు. పిల్లి ముఖం మనవైపు కాక అవతలి వైపు ఉండవలె. ఎదురుగా నిలిచి కండ్లలోనికి చూస్తూ చేయి చాపితే అది పోరాటమనే అనుకొంటుంది.

మందు వేసేవారు ఎడమచేతిని తలపైనుంచి తెచ్చి, బొటనవేలు ఒకవైపు, నడిమివేలు ఇంకొకవైపు, కోరపళ్లకు వెనుకనున్న ఖాళీ దగ్గర ఆనించవలె. పిల్లికి పళ్లు ముప్పదే. కోరకు వెనుక కొంచెం చోటు ఉన్నది. ముక్కు పైకి చూసేటట్లు తలను కొంచెం ఎత్తగానే కిందిదవడ తానే సడలుతుంది. కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ మాత్ర ఉండగా, నడిమివేలితో కిందిదవడ ముందుపళ్లను కిందికి నొక్కి, మాత్రను నాలుక వెనుక భాగంలో, సరిగా నడుమ వదలవలె. ఇదే గుట్టు. నాలుక ముందు సగంలో పడిన మాత్రను పిల్లి బయటికి తోసివేస్తుంది. వెనుక పడినదాన్ని మింగక తప్పదు. నీటిమందుకు తల ఎత్తకూడదన్నాను. మాత్రకు క్షణం ఎత్తి, వదలిన వెంటనే నోరు మూసి తల దించవలె. గొంతు మీద పైనుంచి కిందికి నెమ్మదిగా నిమురుతూ ఉంటే, కొంతసేపటికి నాలుక బయటికి వచ్చి ముక్కును నాకుతుంది. మాత్ర దిగినదనడానికి అదే గుర్తు. వ్రాసి చెబితే ఇంత పొడుగు. చేతితో చేస్తే అయిదు క్షణాలు. అంతకన్న ఎక్కువ పట్టితే ఆ పూటకు వదలిపెట్టి, అరగంట తరువాత మళ్లీ చూడవలె. చేతివేళ్లు నోటిలో పెట్టడానికి భయపడేవారికి వైద్యులవద్ద మాత్రను కొసన పట్టి లోపలికి వదిలే మెత్తని కొసగల ప్లాస్టిక్ పుల్ల దొరుకుతుంది.

ముక్కు నాకినంతమాత్రాన పని అయిపోలేదు. ఇది చాలామందికి తెలియదు, నాకూ తెలియదు. మాత్ర గొంతు దిగినా కడుపు చేరకుండా అన్నవాహికలో నిలిచిపోవచ్చు. 2001లో ముప్పది పిల్లులకు మాత్రలు వేసి పరీక్షించిన వైద్యులు, ఒట్టి మాత్ర మింగిన పిల్లులలో ఎక్కువవాటికి అయిదు నిముషాల తరువాత కూడా అది అన్నవాహికలోనే ఉండడం చూసినారు. వెంటనే కొంచెం నీరు పట్టించినప్పుడు ఇంచుమించు అన్నిటికీ త్వరగా కడుపులోనికి పోయినది. డాక్సీసైక్లిన్ వంటి మందు అక్కడ నిలిస్తే ఆ గొట్టాన్ని కాల్చి, పుండు చేసి, మానేటప్పుడు ఇరుకు చేస్తుంది. అందుచేత మాత్ర వెంట ఒక చెంచాడు, అంటే అయిదారు మిల్లీలీటర్ల నీరు, సిరంజితో పక్కనుంచి కొంచెంకొంచెంగా పోయవలె. లేదా మాత్రకు వెన్న రాసి వేసి, వెనువెంటనే అన్నం పెట్టవలె. రంగనికి మేము రెండూ చేసినాము.

పట్టుకొన్నవారికి కరిస్తే ఏమి చేయవలెననేది కూడా ఇక్కడే చెప్పవలె. పిల్లి కరిచిన చిన్న రంధ్రాన్ని చూసి, ఇంతేగదా అని పసుపు అద్ది ఊరకుండరాదు. సబ్బుతో, పారే నీటికింద పదునైదు నిముషాలు కడిగి, ఆనాడే వైద్యశాలకు పోవలె. కుక్కవలెనే పిల్లి వలన కూడా రేబీస్ వస్తుంది. సూదిమందు అవసరమో కాదో వైద్యుడు నిర్ణయిస్తాడు. మా రంగనికి ఏటా టీకా వేయిస్తున్నాము; అయినా రెండో రోజున మా ఇంటావిడ బొటనవేలికి కోర దిగినప్పుడు వైద్యశాలకు పోకుండా ఉండలేదు.

ఏడో పూట నుండి పదునాలుగో పూట వరకు రాతి అరుగు మీదనే గడిచినది. మొదటి రెండు పూటలు రంగడు గుర్రుమన్నాడు. తరువాత తరువాత, దుప్పటి పరచగానే ముఖం ముడుచుకొని కూర్చొనేవాడు, ఇష్టపడినాడని చెప్పను. అయిపోగానే వెన్న నాకి, వెనుదిరిగి చూడకుండా పోయేవాడు. కాని పొద్దుగూకగానే ఇంటికి వచ్చేవాడు. అది నాకు చాలినది. గౌరిని గోనెసంచిలో చుట్టిననాడు, అది కూనల దగ్గరికి పోయి పడుకొన్న తరువాత మళ్లీ మా చేతికి రాలేదు. చివరి గంటలలో మా అమ్మ చేయి చాపినా వెనుకకు జరిగినది. ఆ సంగతి నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

రంగని గడ్డ మానినది. తోక మొదట కొంచెంచోట వెండ్రుకలు రాలేదుగాని, ఎలుకలవేటకు అది అడ్డం కాలేదు. విత్తనపు మూటలు చెక్కు చెదరకుండా ఉన్నవి. ఒక్కటి మాత్రం మిగిలినది. మాత్ర రేకును చిదిపినప్పుడు వచ్చే 'చిటుక్' అనే చప్పుడు వాడు మరువలేదు. మా అమ్మ రోజూ రాత్రి అన్నం తిన్న తరువాత రక్తపోటుకు ఒక మాత్ర వేసుకొంటుంది. ఆ చప్పుడు వినబడితే చాలు, పొయ్యి పక్కన నిద్రపోతున్న రంగడు అటకమీద ఉంటాడు. నాలుగు నెలలనుండి మా అమ్మ తన మాత్రను పెరటిలోనికి పోయి, తలుపు దగ్గరగా వేసుకొని, చిదుపుకొంటున్నది.